తల ఊపితే వచ్చిన వారం

చట్టం చేయడం గొప్ప పని. అంతకన్నా గొప్ప పని ఇంకొకటుంది: చేసిన చట్టం వల్ల ఎవరికైనా పొరపాటున మేలు జరిగిపోకుండా కాపలా కాయడం. దానికి పరిశీలన అని పేరు.

స్కాట్లాండు వాళ్ళ శాసనసభలో పరిశీలనకు మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టు మీద, బిల్లు చాలా అవసరమని అందరూ ఒప్పుకుంటారు. రెండో మెట్టు మీద, అందులో ఇంకా ఏమేం ఉండాలో అందరూ చెప్పి, చెప్పినవన్నీ వెనక్కి తీసుకుంటారు. మూడో మెట్టు మీద బల్లలు చరుస్తారు. (మంచి గట్టి కర్ర బల్లలు. ఎంత చరిచినా వాటికేం కాదు. ఇంకెవరికీ కూడా ఏం కాదు.)

ఈ సభకు అధికారాలు సొంతంగా పుట్టినవి కావు. లండన్‌లోని పెద్ద సభ తనవాటిలోంచి కొన్ని విడదీసి కిందికిచ్చింది. అత్తగారు కోడలికి వంటిల్లు అప్పగించి, ఉప్పుడబ్బా తాళంచెవి మాత్రం బొడ్లోనే దోపుకున్నట్టు. జబ్బూ బడీ ముసలితనమూ కింది సభవి. సైన్యమూ సరిహద్దులూ పై సభవి. పై సభ తన దగ్గరే అట్టిపెట్టుకున్న వాటిలో కాలం కూడా ఉంది. కాలం అంటే గంటలు, రోజులు, వారాలు, పంచాంగం. నవ్వకండి, దీంతో మళ్ళీ పనుంది.

సెంగా పెట్రీకి ఇవేవీ తెలియవు. తూర్పు తీరంలో ఇన్వర్‌కిల్ అనే చిన్న రేవు ఊళ్ళో, వాన కారే మేడ మీది ఇంట్లో ఉంటుంది. ఆమెకు కావలసింది ఒక్క వారం.

ఎందుకంటే ఆమె అక్క ఈసాకు నరాల జబ్బు. ఈసాను మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మరుగుదొడ్డికి, అక్కణ్ణుంచి మళ్ళీ కుర్చీలోకి ఏళ్ళ తరబడి ఎత్తీ ఎత్తీ సెంగాకు పొత్తికడుపులో పేగు జారింది. డాక్టరు హెర్నియా అన్నాడు. కోసి కుట్టాలన్నాడు. ఆ తర్వాత ఆరు వారాలు టీ కెటిల్ కన్నా బరువైంది ఎత్తకూడదన్నాడు.

"మా అక్క కెటిల్ కన్నా కాస్త బరువుంటుందండీ," అంది సెంగా.

ఆయన ఆరు వారాలన్నాడు. ఈమె రెండు రోజులంది. రేవులో చేపల బేరంలా సాగి సాగి ఒక వారం దగ్గర తెగింది. "వారం కన్నా తగ్గిందా, కుట్లు ఊడతాయి. ఊడిన కుట్లతో నా మొహం చూడకు. అలాగని ఆపరేషన్ మానేశావా, పేగు మెలిపడిన రోజున అంబులెన్సులోనే వస్తావు," అన్నాడు డాక్టరు.

ఆ వారం పాటు ఈసాను చూసుకోవడానికి మనిషి కావాలి. సెంగా జిల్లా కౌన్సిల్‌కు ఫోన్ చేసింది. అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది: "మీలాంటివాళ్ళ కోసమే విశ్రాంతి బిల్లు వస్తోంది కదండీ. అది వచ్చేదాకా ఎవరికీ ఇవ్వద్దన్నారు. ఇప్పుడే ఇచ్చేస్తే అది వచ్చాక ఏమిస్తాం చెప్పండి?"

ఈ తర్కానికి సెంగా దగ్గర జవాబు లేదు. ఈసా దగ్గర ఉంది గానీ అది అచ్చు వేయదగింది కాదు. ఈసా ముప్పై ఏళ్ళు ఊరి హౌసీ హాల్లో తంబోలా ఆటకు అంకెలు పిలిచిన మనిషి. జబ్బు ఆమె కాళ్ళు తీసుకుంది, చేతులు సగం తీసుకుంది, గొంతు జోలికి మాత్రం రాలేదు. సీరియళ్ళు మానేసి ఇప్పుడు పొద్దస్తమానం సభ ప్రత్యక్ష ప్రసారమే చూస్తుంది. "ఇందులోనూ ఏం జరగదనుకో. నటన మాత్రం బాగుంటుంది," అంటుంది.

బిల్లు నిజంగానే వచ్చింది. జీతం లేకుండా ఇంట్లో మనిషిని సాకేవాళ్ళకు 'తగినంత విశ్రాంతి' ఇవ్వాలన్నది దాని సారాంశం. దాని మీద సాక్ష్యం వినడానికి కమిటీ కూర్చుంది. ఆ పనులు చూసే కత్రియోనా అనే అధికారిణి ఒకరోజు సెంగాకు ఫోన్ చేసింది.

"మీ జీవితానుభవం మా కమిటీకి చాలా విలువైంది, సెంగా గారూ."

"ఎంతమ్మా విలువ?"

"రైలు ఛార్జీ, భోజనం ఇస్తాం."

"రాలేను తల్లీ. అక్కను వదిలి కదల్లేను. నేనక్కడికొచ్చి చెప్పేది కూడా అదే. ఫోన్‌లోనే రాసేసుకో, రాలేను అంది అని."

"అయ్యో, అదసలు సమస్యే కాదండీ. మీ బదులు చూసుకునే మనిషిని మేమే పంపుతాం. ఏడింటికల్లా తలుపు తడుతుంది."

సెంగా ఫోన్‌ను రెండో చెవికి మార్చింది. "మనిషి ఉందా మీ దగ్గర?"

"ఉందండీ. యూనా అని. చాలా మంచిది."

"మరి నా ఆపరేషన్‌కి ఆ యూనాను ఒక వారం..."

"అదండీ, ఆపరేషన్ మనిషి కౌన్సిల్ వాళ్ళ పద్దు. యూనా సాక్ష్యం పద్దు. చూసుకునే మనిషి దొరకట్లేదని చెప్పడానికి వచ్చేవాళ్ళకు మాత్రమే ఆమెను పంపగలం."

ఫోన్ పెట్టేశాక సెంగా ఇదంతా అక్కకు చెప్పింది. ఈసా కిటికీ బయటి వానను చూసి, "పో. ఒక పూట బయటి గాలన్నా తగులుతుంది," అంది.

కానీ తిన్నగా సాక్ష్యానికే వెళ్ళిపోవడం కుదరదు. సామాన్యులు సభను చూసి బెదిరిపోతారని, ముందు ఒకరోజు అలవాటు చేయించే కార్యక్రమం ఉంది. ఆ రోజు కత్రియోనా సెంగాకు సభంతా తిప్పి చూపించింది. కుర్చీ ఎంత తిరుగుతుంది, మైకు ఎర్రదీపం ఎప్పుడు వెలుగుతుంది, ఏడుపొస్తే ఏ గదిలోకి పోవాలి, అన్నీ. ఏడుపు గది ఎంతో బాగుంది. మెత్తటి సోఫా, పూలు, వెన్న బిస్కెట్లు.

"ఇక్కడ ఎవరన్నా నిజంగా ఏడ్చారా?" అంది సెంగా బిస్కెట్ తీసుకుంటూ.

"ఎక్కువగా మంత్రులే అండీ."

తర్వాతి వారం అసలు సాక్ష్యం. గుర్రపునాడా ఆకారంలో బల్ల, దాని చుట్టూ ఏడుగురు సభ్యులు, నడుమ కన్వీనర్ ఎల్స్‌పెత్ కారుథర్స్. సెంగా నోరు తెరిచీ తెరవకముందే ఏడు తలలూ ఊగడం మొదలయ్యాయి. కమిటీలో తల ఊపడం ఆషామాషీ వ్యవహారం కాదు. కొత్తగా గెలిచిన సభ్యులకు మూడు పూటలు శిక్షణ ఉంటుంది. మామూలు ఊపు ఉంది, 'విన్నాను' అని. కళ్ళు సగం మూసి ఊపేది ఉంది, 'బాధపడుతున్నాను' అని. పెన్ను పెదాలకు ఆనించి నెమ్మదిగా, లోతుగా ఊపేది ఉంది. దాన్ని ఆందోళన ఊపు అంటారు. సీనియర్లకే వస్తుంది. (సాక్షి మాట పూర్తయ్యాక కూడా ఊపు ఆగకపోతే ఆ సభ్యుడు నిద్రపోయినట్టు లెక్క. అది పుస్తకంలో లేదు గానీ అందరికీ తెలుసు.)

"మీకు ఒక రోజు తీరిక దొరికితే ఏం చేస్తారో మాతో పంచుకుంటారా?" అని అడిగింది కన్వీనర్, పసిపిల్లకు పాలు పట్టే గొంతుతో.

"ఇవాళ దొరికిందిగా," అంది సెంగా. "ఇక్కడికొచ్చా."

ఏడు తలలూ ఆందోళనగా ఊగాయి.

"అమ్మా, నాకు కవిత్వం రాదు. నాకు ఒక వారం కావాలి. పేగు లోపల పెట్టించుకుని కుట్లేయించుకోవాలి. మీ బిల్లులో తగినంత విశ్రాంతి అని రాశారు. తగినంత అంటే ఎంత?"

బిల్లు తెచ్చిన మంత్రి ఫెర్గస్ డల్‌రింపుల్ పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. ఎవరు ఏమడిగినా అడిగినందుకు ముందు ధన్యవాదాలు చెప్పే మనిషి. "చాలా ముఖ్యమైన ప్రశ్న. ఇలాంటి ప్రశ్న వచ్చినందుకు ధన్యవాదాలు," అని, "తగినంత అంటే ఆయా సందర్భానికి తగినంత," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఈసా టీవీ ముందు నిప్పులు కక్కుతోంది. యూనా అప్పటికే బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది.

"తగినంతట, తగినంత! హౌసీ హాల్లో నేను మైకు పట్టుకుని, 'తదుపరి అంకె, తగినంత' అని పిలిచుంటే కుర్చీలు గాల్లో లేచేవి. మీ మంత్రి మొహానికి ఒక్క పెన్సిల్ కూడా తగల్లేదు."

"నా మంత్రి ఏంటే? నేనేమన్నా కన్నానా?"

"కనుంటే నీకు ఇంకో నలుగుర్ని ఎత్తే పని పడేది. రా, మరుగుదొడ్డికి తీసుకుపో. ఆ యూనా మంచిదే గానీ, నన్ను పింగాణీ పళ్ళెంలా పట్టుకుంటోంది."

సెంగా నడుముకు బెల్టు బిగించుకుని అక్కను ఎత్తింది.

కమిటీకి ఆమె చెప్పింది ఎంతో నచ్చింది. అంత నచ్చింది కాబట్టే, ఖర్చుల సంగతి చూసే ఇంకో కమిటీ కూడా అదే వినాలని ముచ్చటపడింది. మళ్ళీ యూనా, మళ్ళీ రైలు. ఆ కమిటీలో ఒకాయన కళ్ళజోడు సవరించుకుని, "మీరు విశ్రాంతి తీసుకోకుండా ఉంటే ఖజానాకు ఎంత మిగులుతుందో ఒక అంచనా ఇవ్వగలరా?" అన్నాడు. "పేగు మెలిపడి నేను పోతే ఇద్దర్ని మీరే సాకాలి, ఒకర్ని మంచంలో, ఒకర్ని పెట్టెలో," అంది సెంగా. రెండోది ఒకసారి అయ్యే ఖర్చు మాత్రమేనని ఆయన రాసుకున్నాడు.

ఆ తర్వాత విశ్రాంతికి రూపకల్పన అని ఒక శిబిరం. సాకేవాళ్ళంతా గోడ ముందు నిలబడి, మీ కలల విశ్రాంతి ఎలా ఉండాలో రంగు చీటీల మీద రాసి అంటించాలి. సెంగా పసుపు చీటీ మీద 'ఒక వారం' అని రాసి అంటించింది. శిబిరం నడిపే కుర్రాడు దాన్ని జాగ్రత్తగా ఊడదీసి 'కాలానికి సంబంధించిన ఆకాంక్షలు' అనే గుంపు కిందికి మార్చాడు. గుంపులో ఇంకేం లేవు, అన్నీ పసుపు చీటీలే, అన్నిటి మీదా 'ఒక వారం'. అలా మొదటి మెట్టు దిగ్విజయంగా ముగిసింది.

రెండో మెట్టు సవరణలది. ఇక్కడ తట్టి చూసే సవరణ అనే సంప్రదాయం గురించి చెప్పాలి. కుండ కొనేముందు వేలితో తట్టి చూస్తాం కదా. ఈ సవరణ కూడా అంతే. తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, బాగా మోగుతోందని మెచ్చుకుని, దించేయడానికే. కొనేవాడు ఉండడు. సభ్యుడు సవరణ పెడతాడు. మంత్రి ధన్యవాదాలు చెప్పి, దాని ఉద్దేశం తన గుండెను తాకిందని చెప్పి, మూడో మెట్టులోపు కూర్చుని మాట్లాడుకుందాం, వెనక్కి తీసుకోండని కోరతాడు. సభ్యుడు పొంగిపోయి వెనక్కి తీసుకుంటాడు. దీన్ని ప్రజాస్వామ్యంలో పరిణతి అంటారు.

ఈ కళలో గాల్‌బ్రెయిత్ అనే ప్రతిపక్ష సభ్యుడు ఆరితేరినవాడు. పదహారేళ్ళలో రెండొందల పైచిలుకు సవరణలు పెట్టి ఒక్కదాన్ని కూడా నెగ్గనివ్వని రికార్డు ఆయనది. ఈసారి ఆయన పెట్టింది సవరణ నలభై మూడు: తగినంత అంటే ఏడాదికి కనీసం ఒక వారం అని.

ఆ రోజు సెంగాను గ్యాలరీలో ముందు వరసలో కూర్చోబెట్టారు. బిల్లుకు ఒక ముఖం ఉండాలట. ముఖం చప్పట్లు కొట్టకూడదు, మాట్లాడకూడదు అని కత్రియోనా చెవిలో చెప్పింది.

ఏడుగురిలో ఒకామెకు ఒళ్ళంతా దద్దుర్లు లేచి రాలేదు. ఆమె బదులు తోర్క్విల్ మన్రో అనే దీవుల సభ్యుడు వచ్చాడు. (సభ్యులకు బదులు మనిషి ఎప్పుడూ దొరుకుతాడు. దానికి పద్దు ఉంది.) మన్రోకు లోకంలో తెలిసిన విషయం ఒక్కటే, పడవలు టైముకు రాకపోవడం. తెల్లవారుజామున అలాంటి ఒక పడవ పట్టుకుని, అలలకు కడుపులో ఉన్నదంతా కక్కుకుని వచ్చాడు. పార్టీ వాళ్ళు ఆయనకు ఇచ్చిన సూచన కూడా ఒక్కటే. "గ్యాలరీలో ఆవిడ ఉంటుంది. ఆందోళనగా తల ఊపు చాలు."

సవరణ నలభై మూడు మీద చర్చ ముప్పావుగంట నడిచింది. ఒక్కొక్కరూ లేచి వారం ఎంత గొప్పదో చెప్పారు. వారం లేని జీవితం ఎంత ఎడారో చెప్పారు. ఒకామె తన బామ్మను తలచుకుని కళ్ళు తుడుచుకుంది. మంత్రి తన గుండె తాకబడిందని ప్రకటించి, వెనక్కి తీసుకోండని కోరాడు. గాల్‌బ్రెయిత్ నిండు హృదయంతో వెనక్కి తీసుకుంటానన్నాడు.

సెంగా ముందున్న కమ్మీ పట్టుకుంది. అప్పటిదాకా మెచ్చుకున్నదాన్ని ఎందుకు వెనక్కి తీసుకుంటున్నారో ఆమెకు అర్థం కాలేదు. పెళ్ళికొడుకును అందరూ పొగిడి పొగిడి గుమ్మం బయటికి తోసినట్టుంది.

వెనక్కి తీసుకోవడానికి కమిటీ ఒప్పుకోవాలి. అది ఆనవాయితీ. "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అంది కన్వీనర్, కాగితం తిప్పేస్తూ.

మన్రో తల ఊపాడు. లోతుగా, నెమ్మదిగా, పెన్ను పెదాలకు ఆనించి. కళ్ళు మూసి ఉన్నాయి.

కన్వీనర్ చెయ్యి కాగితం మీదే ఆగిపోయింది. ఇలాంటిది ఆమె ఎప్పుడూ చూడలేదు. "మన్రో గారూ? మీకు అభ్యంతరమా?"

పేరు వినబడగానే మన్రోకు మెలకువ వచ్చింది. ఇక్కడ ఆయన ముందు రెండు దారులున్నాయి. నిద్రపోయానండీ, ఏమడిగారు అనొచ్చు. అలా అన్న రాజకీయ నాయకుడు ఆ దేశంలోనే కాదు, ఏ దేశంలోనూ పుట్టలేదు.

"అవును," అన్నాడు మన్రో గొంతు సవరించుకుని. "గట్టి అభ్యంతరం. మా దీవుల ప్రజల తరఫున."

ఒక్కరు అభ్యంతరం చెప్పినా ఓటు పెట్టాలి. వెనక్కి పోయే సవరణకు ఓటెలా వేయాలో ఏ పార్టీ తన సభ్యులకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఆ సభ చరిత్రలో రాలేదు. ఆరుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వ్యతిరేకిద్దామంటే ముప్పావుగంట పొగిడింది కెమెరాలో ఉంది. గ్యాలరీలో కమ్మీ పట్టుకుని బిల్లు ముఖం తమనే చూస్తోంది. బామ్మను తలచుకున్నామె ముందు చెయ్యెత్తింది. తర్వాత అందరూ. గాల్‌బ్రెయిత్ ఒక్కడే మంత్రికి మాటిచ్చానని తన సవరణకు తాను ఓటు వేయలేదు. ఆరు అనుకూలం, వ్యతిరేకం లేదు, తటస్థం ఒకటి.

వారం నెగ్గింది. పదహారేళ్ళ రికార్డు పోయినందుకు గాల్‌బ్రెయిత్ నీళ్ళు తాగి, తిన్నగా ఏడుపు గది వైపు వెళ్ళాడు.

ఇన్వర్‌కిల్‌లో ఈసా "హౌసీ!" అని అరిచిన అరుపుకు యూనా చేతిలో సూప్ గిన్నె జారిపోయింది.

మర్నాడు పేపర్లలో సెంగా ఫొటో పడింది. చేపల దుకాణం వాడు ఆమెకు రెండు హడాక్ చేప ముక్కలు ఉత్తినే ఇచ్చాడు. డాక్టరు ఆపరేషన్‌కు తారీఖు రాసిపెట్టాడు. ఈసా అయితే కుర్చీలో రాణీగారిలా కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకూ మన్రో తల ఎలా ఊపాడో ఊపి చూపించింది.

"నీ వారంలో నన్నెవరు ఎత్తుతారే?" అంది ఒకరోజు, నవ్వుతూనే.

"యూనా ఎత్తుద్ది. పింగాణీ పళ్ళెంలా."

"ఎత్తనీ. నువ్వు మాత్రం ఆ వారం నా గదిలోకి తొంగి చూశావా, కాళ్ళిరగ్గొడతా."

"నీ కాళ్ళతోనా?"

"నా కాళ్ళతో కాదులే, కుర్చీ చక్రాలతో."

అక్కడ రాజధానిలో మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. పొరపాటున ఒక అంకె చట్టంలోకి దూరింది. మంత్రిగారి న్యాయవాదులు తలుపులేసుకుని పుస్తకాలు తిరగేశారు. వారాన్ని తీసేస్తే పేపర్లు ఊరుకోవు. ఉంచితే ఖజానా ఊరుకోదు. అప్పుడొక సీనియర్ న్యాయవాదికి ఉప్పుడబ్బా తాళంచెవి గుర్తొచ్చింది. కాలం లండన్‌ది. వారం కాలం కొలమానం. కింది సభ వారం ఇస్తామనొచ్చు గానీ, వారం అంటే ఏమిటో చెప్పే అధికారం దానికి లేదు. అంటే ఏడు రోజులూ వరసగా, ఒకదాని పక్కన ఒకటి ఉండాలని చెబితే, అది పై సభ హక్కుల మీద దాడి అయ్యే ప్రమాదముంది. రాజ్యాంగం పట్ల గౌరవంతో ఆ విషయంలో మౌనం పాటించాలి.

మూడో మెట్టు రోజున మంత్రి నూటపన్నెండు సవరణలు పెట్టాడు. అన్నీ చక్కదిద్దే సవరణలే అన్నాడు. వాటి మీద చర్చకు అరగంట ఇచ్చారు. సెంగా మళ్ళీ గ్యాలరీలో ఉంది. మంత్రి మాటల్లో చాలావాటికి తలా తోకా తెలియలేదు గానీ, రెండు మాత్రం చెవిన పడ్డాయి.

"ప్రభుత్వ సొమ్ముతో బదులు మనిషిని పంపిన ప్రతి రోజునూ విశ్రాంతి రోజుగా గుర్తిస్తాం," అన్నాడు మంత్రి. "అంతే కాదు. ఈ చట్టం ఫలం అందడంలో ఎవరికీ ఆలస్యం జరగకూడదు. అందుకని దీన్ని బిల్లు వచ్చిన రోజు నుంచే, అంటే వెనక తేదీ నుంచే వర్తింపజేస్తున్నాం."

వెనక తేదీ నుంచే! జీతం బకాయిలతో సహా ఇచ్చినట్టు అనిపించింది సెంగాకు. ఇంత మంచి మనిషిని ఇన్నాళ్ళూ తిట్టుకున్నానే అనుకుని, ముఖం చప్పట్లు కొట్టకూడదన్న సంగతి మరిచిపోయి, గట్టిగా చప్పట్లు కొట్టింది. కాపలావాడు వచ్చి భుజం మీద చెయ్యేసి, తప్పమ్మా అన్నాడు. కింద సభ్యులు తలెత్తి ఆమెను చూసి బల్లలు చరిచారు. మన్రో అందరికన్నా గట్టిగా చరిచాడు. ఆ చట్టం తన పోరాట ఫలితమని ఆయన అప్పటికే దీవుల్లో కరపత్రాలు పంచాడు.

ఇంకొకరోజు ఫొటో కోసం పిలిచారు. మంత్రి సంతకం పెడుతున్నట్టు, సెంగా పక్కన నిలబడి మురిసిపోతున్నట్టు. వాన పడుతుంటే మూడుసార్లు తీశారు. మంత్రి ఆమెకు ధన్యవాదాలు చెప్పాడు.

ఆపరేషన్ తారీఖు దగ్గరికొచ్చింది. సెంగా కౌన్సిల్‌కు ఫోన్ చేసింది. ఇప్పుడక్కడ విశ్రాంతి సమన్వయ అధికారి అని కొత్త పదవి వచ్చింది. లాచ్లన్ అనే పెద్దమనిషి, మెత్తటి మాట.

"సెంగా పెట్రీ గారా! మీ పేరు వినని వాళ్ళు లేరండీ ఇక్కడ. చెప్పండమ్మా."

"నా వారం కావాలి బాబూ. సోమవారం నుంచి."

అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత ఆగింది.

"అమ్మా, మీ వారం అయిపోయిందండీ."

"ఏంటి?"

"ఈ ఏడాది వారం మీరు వాడేసుకున్నారు. సభకు అలవాటు చేసుకోవడానికొక రోజు, సాక్ష్యానికొకటి, ఖర్చుల కమిటీకొకటి, రంగు చీటీల శిబిరానికొకటి, రెండో మెట్టు రోజు, మూడో మెట్టు రోజు, ఫొటో రోజు. యూనా వచ్చిన రోజులన్నీ. సరిగ్గా ఏడు."

"అయ్యా, అవి విశ్రాంతి కాదు. నాకు విశ్రాంతి లేదని చెప్పడానికి నేను పోయిన రోజులవి."

"నాకు తెలుసమ్మా. నేనూ టీవీలో చూశాను. చాలా బాగా చెప్పారు. మా ఆవిడ ఏడ్చింది కూడా."

"ఏడు రోజులూ చెట్టుకొకటి పుట్టకొకటి ఉంటే వారం ఎట్లా అవుద్ది?"

"వారం అంటే ఏమిటో మనం చెప్పకూడదండీ. అది లండన్ వాళ్ళది."

"మరి నా పేగో?"

"పేగు మనదేనండీ, ఆరోగ్యం కిందికొస్తుంది. కావాలంటే ఆపరేషన్ వచ్చే ఏడాది వారంలో పెట్టుకోండి." మళ్ళీ టకటకలు. "అన్నట్టు, ఈ జిల్లాలో మొత్తం వారాన్ని పూర్తిగా వాడుకున్న మొదటి మనిషి మీరేనండీ. మంత్రిగారు నిన్న సభలో మీ పేరు చెప్పారు, చట్టం అద్భుతంగా పనిచేస్తోందని. అందుకే కమిటీ వాళ్ళు మళ్ళీ పిలుస్తున్నారు, వచ్చే మంగళవారం. విశ్రాంతి ఎలా గడిచిందో చెప్పడానికి. యూనాను కూడా పంపుతున్నారు. ఆ ఒక్కరోజు వచ్చే ఏడాది లోంచి తగ్గిస్తాం."

"నేను రాను."

"మీ ఇష్టమమ్మా. కాకపోతే రాకపోతే, మీకు విశ్రాంతి అక్కర్లేదని నమోదవుతుంది. అప్పుడు వచ్చే ఏడాది కూడా..." అని ఆయన నొచ్చుకుంటూ ఆగిపోయాడు. నొచ్చుకోవడం కూడా ఆయన ఉద్యోగంలో భాగమే.

సెంగా ఫోన్ పెట్టేసింది. తర్వాత ఈసా గదిలోకి వెళ్ళింది. టీవీలో సభ నడుస్తోంది. ఎవరో ఎవరికో ధన్యవాదాలు చెబుతున్నారు. ఈసా రిమోట్‌ను మోచేత్తో నొక్కి దాన్ని మూగను చేసింది.

"ఏమన్నాడే?"

"నేను బాగా విశ్రాంతి తీసుకున్నానంట. ఏడు రోజులు."

ఈసా ఆమె మొహంలోకి చూసింది. ఆ గొంతు ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ తడుముకోలేదు. ఇప్పుడు కాసేపు తడుముకుంది.

"సోమవారం సంగతి?"

"సోమవారం నిన్ను నేనే ఎత్తాలి. మంగళవారం యూనా."

ఈసా కుర్చీ చేతుల మీంచి తన చేతులు సగం లేపింది, ఎత్తమన్నట్టు. సెంగా బెల్టును ఇంకో కన్నం బిగించింది. అక్క చంకల కింద చేతులు దూర్చి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఉదుటున లేపింది. పొత్తికడుపులో ఏదో కదిలింది. ఆమె పళ్ళు కొరికింది, వదల్లేదు.

"మెల్లగా," అంది ఈసా ఆమె భుజం మీద తల ఆనించి. "ఇప్పుడేగా సెలవు నుంచి వచ్చావు."